‘రక్తనాళాల రక్షణ’ క్యాప్సూల్: మూడు నెలలు వాడిన తర్వాత

పదకొండేళ్లుగా షుగర్‌కు మందులు వాడుతున్న నాకు నిరుడు వానాకాలంలో అరికాళ్ల మంటలు, రాత్రిపూట తిమ్మిర్లు మొదలయ్యాయి. సంగతి చెబితే మా వీధి చివరి మందుల షాపతను, “మాస్టారూ, ఇది వాడి చూడండి, నరాలకూ రక్తనాళాలకూ కూడా పనిచేస్తుంది” అంటూ ఒక యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ డబ్బా చేతిలో పెట్టాడు. పది క్యాప్సూళ్ల స్ట్రిప్పు 170 రూపాయలు. రోజుకొకటి చొప్పున మూడు నెలలకు 1,530 రూపాయలయింది. దాదాపు ఇదే కూర్పును చాలా కంపెనీలు రకరకాల పేర్లతో అమ్ముతున్నందున ఇక్కడ ఏ పేరూ రాయడం లేదు.

డబ్బా మీద ‘ఆక్సీకరణ ఒత్తిడి నుంచి రక్తనాళాలకు రక్షణ’ అని ఉంది. చురుకైన ఆక్సిజన్ రూపాలు మితిమీరి కణాలను దెబ్బతీయడమే ఆక్సీకరణ ఒత్తిడి, వాటిని అణిచేవి యాంటీఆక్సిడెంట్లు. ఇందులో మొదటి సగం అబద్ధం కాదు. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు చాలా రకాల కణాలు లోపలికి తీసుకునే చక్కెరను తగ్గించుకోగలవు గాని, రక్తనాళాల లోపలి పొరలోని కణాలకు ఆ వెసులుబాటు లేదు. వచ్చిన చక్కెరనంతా మండించే క్రమంలో వాటి మైటోకాండ్రియాలో (కణానికి శక్తిని తయారుచేసే భాగాల్లో) సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం మితిమీరి తయారవుతుందనీ, కంటికీ మూత్రపిండానికీ నరానికీ జరిగే నష్టాలన్నిటికీ మూలం అక్కడే ఉందనీ అమెరికా శాస్త్రజ్ఞుడు మైఖేల్ బ్రౌన్‌లీ 2001లో నేచర్ పత్రికలో వివరించాడు. రక్తనాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా ఈ సూపర్ ఆక్సైడే పాడుచేస్తుంది కనుక నాళం బిగుసుకుపోతుంది.

చిక్కంతా రెండో సగంతోనే వచ్చింది. స్ట్రిప్పు వెనక చీమతలలంత అక్షరాలను ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చదివితే, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 100 మిల్లీగ్రాములు, మిథైల్ కోబాలమిన్ (విటమిన్ బి12లో ఒక రూపం) 1500 మైక్రోగ్రాములు, కొంత ఫోలిక్ యాసిడ్, కొంత బి6 అని ఉంది. ఇందులో యాంటీఆక్సిడెంట్ అనదగ్గది మొదటిదే. దాని మీద 2006లో వెలువడిన సిడ్నీ-2 పరీక్షలో 600 మిల్లీగ్రాములు ఐదు వారాలిస్తే మంటలు, పోట్లు తగ్గాయి. అదే మోతాదును నాలుగేళ్లపాటు ఇచ్చి చూసిన నేథన్-1 పరీక్షలో మాత్రం ప్రధాన కొలమానం మీద ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా తేలలేదు. నాకు దొరికింది ఆ మోతాదులో ఆరో వంతు. పైగా అవి రెండూ నరాల మీద చేసిన పరీక్షలే తప్ప, డబ్బా చెబుతున్న రక్తనాళాల మీద చేసినవి కావు.

రక్తనాళాల సంగతి వేరే పెద్ద పరీక్షల్లో తేలింది. 2000లో వచ్చిన హోప్ పరీక్షలో తొమ్మిదిన్నర వేల మందికి పైగా పాల్గొన్నారు. నాలుగున్నరేళ్లు యాంటీఆక్సిడెంటే అయిన విటమిన్ ఇ తీసుకున్నవారికి గుండెపోట్లు గాని పక్షవాతం గాని తగ్గలేదు. 2002 నాటి హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ ఇంకా చెప్పుకోదగ్గది. 20,536 మంది పాల్గొన్న ఆ ఒక్క పరీక్షలోనే యాంటీఆక్సిడెంట్ విటమిన్ల మిశ్రమాన్నీ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన సిమ్వాస్టాటిన్ మాత్రనూ విడివిడిగా తూచారు. విటమిన్ల వల్ల ఒరిగిందేమీ లేదు. స్టాటిన్ వల్ల గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు పావు వంతు తగ్గాయి, షుగర్ ఉన్నవారిలో కూడా. కణం క్షణక్షణానికీ సూపర్ ఆక్సైడ్‌ను తయారు చేస్తుంటే, రోజుకొక క్యాప్సూల్‌తో దాన్ని తోడిపోయడం కుళాయి కట్టకుండా గచ్చు తుడవడం వంటిదే.

ఇక నా అనుభవం. రెండో నెలలో తిమ్మిర్లు కొంత తగ్గిన మాట నిజం, మంటలు తగ్గలేదు. తొమ్మిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అది బి12ను తగ్గించగలదు కనుక ఆ ఊరట మిథైల్ కోబాలమిన్ వల్ల వచ్చి ఉండవచ్చు. మొదలుపెట్టే ముందు రక్తంలో బి12 పరీక్ష చేయించుకోలేదు, కాబట్టి ఇప్పుడు ఏదీ రూఢిగా చెప్పలేను. ఆ తప్పు నాదే.

మూడో నెల చివర మా డాక్టరమ్మగారు అరికాలికి సన్నని నైలాన్ పోగు ఆనించి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు. బొటనవేలి కింద రెండు చోట్ల నాకేమీ తెలియలేదు. చీలమండ దగ్గర బీపీ చూసి, దాన్ని చేతి బీపీతో భాగిస్తే 1.4 దాటింది. అది మంచిదనుకుని సంతోషించబోయాను. సున్నం పట్టి గట్టిపడిన నాళం పట్టీకి నొక్కుకుపోదని, అందువల్లే అంకె ఎక్కువ చూపిస్తుందని, కాలివేలి దగ్గర చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందని ఆవిడ చెప్పారు. క్యాప్సూల్ మాన్పించి, స్టాటిన్ రాసి, షుగర్ మందుల మోతాదు సవరించారు.

ఇంకొక లోపం కూడా రాయాలి. లిపోయిక్ యాసిడ్ వల్ల అరుదుగా శరీరం ఇన్సులిన్‌కు వ్యతిరేకంగా ప్రతిదేహాలు (యాంటీబాడీలు) తయారుచేసుకుని, షుగర్ ఉన్నట్టుండి పడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డబ్బా మీద ఆ హెచ్చరిక లేదు, లోపల కరపత్రమూ లేదు.

ఐదుకు రెండు మార్కులు వేస్తున్నాను, ఆ రెండూ బి12కే. బి12 తక్కువని పరీక్షలో తేలినవారికి విడిగా దొరికే బి12 మాత్ర ఇంతకంటే చవక.