20 హెచ్‌పీ ఈఎఫ్‌ఐ ఇంజన్: నాలుగేళ్లు వాడాక

విశాఖ పెదజాలరిపేటలో మా ఫైబర్ బోటుకు ఈ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ బిగించి నాలుగేళ్లయింది. ఈఎఫ్‌ఐ అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్‌తో, కరెంటు సాయంతో పెట్రోలు చిమ్మే పద్ధతి. ముందున్నది కార్బురేటర్‌ది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రెండు నెలల్లో లోపల మిగిలిన పెట్రోలు జిగురు కట్టి, పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం (జెట్) మూసుకుపోయేది. వేటకు దిగే మొదటి తెల్లవారుజామునే చోక్ పట్టుకుని, తాడు లాగీ లాగీ భుజాలు పడిపోయేవి.

ఇది చాలాసార్లు మొదటి లాగుకే స్టార్టవుతుంది. చోక్ లేదు, బ్యాటరీ కూడా అక్కర్లేదు. తాడు లాగితే ఫ్లైవీల్ తిరిగి పుట్టే కరెంటే ఈసీయూకి (ఇంజన్‌లోని చిన్న కంప్యూటర్), పంపుకి, ఇంజెక్టర్‌కి సరిపోతుంది. ఇంజన్ వేడిని, గాలి ఒత్తిడిని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో ఈసీయూ చూసుకుంటుంది. వల లాగేటప్పుడు గంటల తరబడి స్లోలో ఉంచినా ప్లగ్గుకు మసి పట్టడం లేదు. అదే వేటకు రోజూ రెండు మూడు లీటర్లు మిగులుతోంది. మాలాంటివాళ్లకు అది చిన్న డబ్బు కాదు.

ఇబ్బంది పెట్టింది పెట్రోలే. కిందటేడు కోనాం చేపల వేట ముగించుకుని వస్తుంటే యారాడ కొండ ఎదురుగా ఇంజన్ గొంతు పడిపోయింది. రేసు పెంచితే ఆగిపోతోంది, స్లోలో మాత్రం నడుస్తోంది. చీకటి పడుతోంది, బోటులో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు. ఆ టెన్షన్ మరిచిపోలేను. ఎలాగో ఒడ్డుకు చేరాం. మర్నాడు మెకానిక్ వేపర్ సెపరేటర్‌లో (పెట్రోలు నుంచి ఆవిరిని వేరుచేసే చిన్న గిన్నె) ఉన్నది గాజు సీసాలోకి వంపి చూపించాడు. పైన పెట్రోలు, అడుగున వేలెడు మందాన నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు! ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీలుస్తుంది, తేమ మితిమీరితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. సగం ఖాళీ ట్యాంకును వారాల తరబడి ఉప్పుగాలిలో వదిలేశాను, తప్పు నాదే.

కార్బురేటర్ అయితే సముద్రంలోనే గిన్నె విప్పి తుడుచుకునేవాణ్ణి. దీనికి ఆ వీలు లేదు. అందుకే ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య నీళ్లు పట్టే 10 మైక్రాన్ ఫిల్టర్ పెట్టించాను. అడుగున గిన్నె పారదర్శకంగా ఉంటుంది, బయల్దేరే ముందు టార్చి వేసి చూస్తాను. నిషేధానికి ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్‌లో మంచినీళ్లు తిప్పుతాను. ఈ ఏడు జూన్‌లో రెండో లాగుకే స్టార్టయింది.