పాటలు మిక్సింగ్‌కు ఇచ్చేవారు జాగ్రత్త: ‘ప్రతి ట్రాకుకూ విడిగా రివర్బ్’ అంటే డబ్బు కట్టకండి

భజన బృందాలవారు, సొంతంగా పాడి పాటలు విడుదల చేసుకునేవారు దయచేసి ఇది చదవండి. మా బృందం 27 వేల రూపాయలు పోగొట్టుకుంది. ఇంకొకరు పోగొట్టుకోకూడదనే రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. అంతర్వేది తీర్థానికి ఏటా భజన చేస్తూ వెళతాం. ఈసారి ఆరు పాటలు రికార్డు చేయించి, భీష్మ ఏకాదశికి స్వామి రథోత్సవం నాటికి నలుగురికీ పంచాలనుకున్నాం. పాటకు 4,500 చొప్పున ఒక స్టూడియోలో ఒప్పుకున్నారు. ధర ఎక్కువ కదా అని అడిగితే, ‘ప్రతి ట్రాకుకూ విడిగా రివర్బ్ వేస్తాం, అందుకే’ అన్నారు. రివర్బ్ అంటే హాల్లో పాడినట్టు ప్రతిధ్వని కలిపే ఎఫెక్టు. ట్రాకు అంటే ఒక్కో గొంతూ ఒక్కో వాయిద్యమూ విడిగా రికార్డు చేసిన భాగం. పాటకు 14 ట్రాకులు. అంత శ్రద్ధ పెడుతున్నారని సంబరపడి మొత్తం ముందే కట్టేశాం.

పాటలు చేతికొచ్చాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. చిడతల దెబ్బ టక్కున తెగాలి. అలా తెగకుండా సాగి, తర్వాతి దెబ్బ మీద పడుతోంది. హార్మోనియం ఒక గదిలో, డోలక్ మరో గదిలో, వంతపాట ఎక్కడో పెద్ద హాల్లో ఉన్నట్టుంది. మా పిన్ని పల్లవి ఎత్తుకుంటే ఊరి చివరి వరకూ వినిపిస్తుంది. ఆవిడ రెండు చరణాలు విని ఇయర్‌ఫోన్లు తీసేసి, ‘ఒరే, ఇది నా గొంతేనా? నూతిలోంచి పిలుస్తున్నట్టుందిరా’ అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

జరిగిందేమిటో తర్వాత నేర్చుకున్నాను. ఎఫెక్టును ట్రాకుకు ‘ఇన్సర్ట్’గానో ‘సెండ్’గానో కలపొచ్చు. వాళ్లు ప్రతి ట్రాకుకూ ఒక రివర్బ్‌ను ఇన్సర్ట్‌గా పెట్టారు. కాలువకు అడ్డంగా లాకులు ఉంటే నీరంతా వాటిలోంచే పోవాలి. ఇన్సర్ట్ అలాంటిది: శబ్దం మొత్తం ఆ ఎఫెక్టులోంచే వెళుతుంది. ఈక్యూ (శబ్దంలో బొంగురు, పదును సరిచేసేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గులు తగ్గించేది), గేట్ (చిన్న శబ్దాలను ఆపేది) సాధారణంగా ఇలాగే పెడతారు, ఎందుకంటే అవి అసలు శబ్దాన్నే మార్చాలి. సెండ్ అంటే పక్కన తూము తీసి బోదెలోకి నీరు వదలడం. తూము తీస్తే కాలువలో నీరు తగ్గుతుంది గానీ, సెండ్‌లో అసలు శబ్దం ఏమీ తగ్గదు, దాని నకలే రివర్బ్‌కు వెళుతుంది. అక్కడ పుట్టిన ప్రతిధ్వని వేరే ఛానల్‌లో, అంటే విడి దారిలో, తిరిగి వచ్చి కలుస్తుంది. గొంతు, హార్మోనియం, తాళాలు అన్నీ ఒకే రివర్బ్‌కు తలా కొంచెం పంపితే, అందరూ ఒకే మండపంలో కూర్చుని పాడినట్టు వినిపిస్తుంది. దానికి 14 రివర్బులు అక్కర్లేదు, ఒకటో రెండో చాలు. కంప్యూటర్ మీద భారమూ తగ్గుతుంది.

రివర్బ్‌ను ఇన్సర్ట్‌గా పెట్టడమే తప్పని నేను అనను. ఏదో ఒక వాయిద్యానికి ప్రత్యేకమైన రంగు కావాలంటే అలా పెట్టుకోవచ్చు. కంప్రెసర్‌ను సెండ్ మీద నడిపి, అసలు శబ్దంతో కలిపే పద్ధతీ ఉంది. మమ్మల్ని ముంచింది వేరే సంగతి. వాళ్లు రివర్బ్ కలిపేసిన ట్రాకులనే ఫైళ్లుగా భద్రపరిచి, పాడినప్పటి ఫైళ్లు చెరిపేశారు. గొంతులో కలిసిపోయిన ప్రతిధ్వనిని వెనక్కి తీయడం పాలలో కలిసిన నీళ్లు తీయడం లాంటిదే. తగ్గించే పరికరాలు ఉన్నాయి, కానీ గొంతు సహజత్వం దెబ్బతింటుంది.

ఒక్క పాటకు మాత్రం అసలు ఫైళ్లు మిగిలాయి. గొడవపడితే దాన్ని సెండ్ మీద మళ్లీ చేశారు. అందులోనూ రెండు తప్పులు. సెండ్ మీద పెట్టిన రివర్బ్‌లో మిక్స్ నూటికి నూరు ఉండాలి, అంటే తిరిగొచ్చేది ప్రతిధ్వని మాత్రమే కావాలి. వాళ్లు సగంలో వదిలేశారు. దాంతో రివర్బ్ పెంచినప్పుడల్లా గొంతు కూడా రెండోసారి కలిసి పెరిగింది. పైగా సెండ్‌ను ఫేడర్‌కు (ట్రాకు శబ్దాన్ని పెంచి, దించే మీటకు) ముందు నుంచి తీశారు. పాట చివర గొంతు ఫేడర్ దించితే గొంతు ఆగిపోయింది, దాని ప్రతిధ్వని మాత్రం గాలిలో పాడుతూనే ఉంది. ఫేడర్ తర్వాత నుంచి తీసి ఉంటే రెండూ కలిసి తగ్గేవి.

కాబట్టి డబ్బు కట్టే ముందు స్టూడియోలో కూర్చుని, మీ ఎదుటే రివర్బ్ తిరిగొచ్చే ఛానల్‌ను మ్యూట్ చేయమనండి. గొంతు పొడిగా, దగ్గరగా వినిపిస్తే సరే. అలాంటి ఛానలే లేదంటే, రివర్బ్ ఎక్కడ పెట్టారో చూపించమనండి. రికార్డింగ్ జరిగిన రోజే ఎఫెక్టులు లేని ట్రాకులన్నీ మీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. ఇంటికి వచ్చి ఒక్కొక్కటీ తెరిచి వినండి. సగం డబ్బు చివరి పాట విన్నాకే ఇవ్వండి.

మాకు డబ్బు వెనక్కి రాలేదు. మిగిలిన ఐదు పాటలూ వచ్చే వారం మళ్లీ పాడుతున్నాం, రాజమహేంద్రవరంలో మరో చోట. పెన్‌డ్రైవ్ ఇప్పటికే సంచిలో పెట్టుకున్నాను.