కోనసీమలో మనుషులకీ పశువులకీ 50 ఎంఎం లెన్స్: ఆరేళ్ళు వాడాక

ఇది క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) డీఎస్‌ఎల్‌ఆర్‌కి తగిలించి వాడిన 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ గురించి. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది, ఫోకస్‌లో ఉండే లోతు అంత తగ్గుతుంది. ఫోకస్‌ని జరిపేది స్టెప్పింగ్ మోటార్. బరువు 160 గ్రాములు, ఫిల్టర్ సైజు 49 ఎంఎం, అతి దగ్గరి ఫోకస్ 35 సెంటీమీటర్లు, వెలుగుని తగ్గించే డయాఫ్రమ్‌కి 7 రెక్కలు, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు.

దీని అసలు గుణం దూరంలోనే తెలుస్తుంది. సెన్సర్ 1.6 రెట్లు చిన్నది (1.6 క్రాప్) గనుక ఇది 80 ఎంఎం లెన్స్‌లా చూస్తుంది. మనిషి తల, భుజాలు నిలువు ఫ్రేములో నిండాలంటే మీటరున్నర దగ్గరికి వెళ్ళి నిలబడాలి. అంత దగ్గర్నుంచి ఎవరినీ చాటుగా తీయలేం, అడిగే తీరాలి. కొబ్బరి వలిచేవాళ్ళనైనా, చేపల బుట్ట దించుకున్న ఆవిడనైనా కెమెరా ఎత్తకముందే "ఒక ఫోటో తీసుకోవచ్చాండీ?" అని అడగండి. మొదటి ఫోటో వాళ్ళకే చూపించండి. వద్దంటే వాళ్ళ ఎదురుగానే చెరిపెయ్యండి. పిల్లలైతే అమ్మనో నాన్ననో అడగాలి. తర్వాత 4×6 ప్రింటు తీసుకెళ్ళి చేతికివ్వండి. రెండోసారి వెళ్ళినప్పుడు ముఖంలో బిగువు ఉండదు, ఆ తేడా ఏ ఖరీదైన లెన్సూ తేలేదు.

డెల్టాలో ఈ లెన్స్‌ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆకుపచ్చ వెలుగు. కొబ్బరి, అరటి ఆకుల కింద నిలబెడితే చెంపలు, గడ్డం కింద భాగం పచ్చగా వస్తాయి. రంగుల్ని సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దీన్ని పూర్తిగా తియ్యదు. వైట్ బ్యాలెన్స్‌ని మెజెంటా వైపు 2, 3 మెట్లు జరపొచ్చు, లేదా రా ఫైల్ (కెమెరా మార్చకుండా దాచే ముడి ఫైలు) తీసి తర్వాత సరిచేయొచ్చు. కానీ ముఖం ఒక రంగు, తెల్లచొక్కా ఒక రంగు అయిపోయాక రెండూ ఒకేసారి కుదరవు. అందుకని మనిషినే తోట అంచుకి, పుంత (పొలాల మధ్య దారి) మీదకి తీసుకురండి. వీపు తోట వైపు, ముఖం బయలు వైపు పెడితే ఆకాశపు వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. ఇంకా నీడగా ఉంటే పక్కనున్నవాళ్ళని తెల్లతుండు రెండు చేతుల్తో చాపి నడుము ఎత్తున పట్టుకోమంటే చాలు. కోతలయ్యాక కళ్ళంలో పరిచిన ఎండుగడ్డి మీంచి లేచే వెలుగు చామనఛాయ ముఖాలకి అన్నిటికంటే బాగుంటుంది.

వెనక ఏముందో కూడా చూడాలి. కొబ్బరాకుల సందుల్లోంచి ఆకాశం కనబడితే 1.8 దగ్గర ఆ సందులన్నీ తెల్లటి చుక్కలై, ఫ్రేము అంచుల్లో పిల్లికళ్ళలా సాగుతాయి. చూపు ముఖం మీద నిలవదు. చెరువు నీళ్ళో వరిచేనో వెనక ఉంటే మెత్తగా కరిగిపోతుంది.

ఎఫ్ 1.8 ఉందని అక్కడే ఉండిపోవద్దు. మీటరు దూరంలో 1.8 దగ్గర ఫోకస్ లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఒక కన్ను స్పష్టంగా ఉంటుంది, రెండోది జారిపోతుంది. ఎండలో తెల్లపంచె అంచు వెంట ఊదారంగు గీత కూడా పడుతుంది. 2.8కి దించితే రెండూ చాలావరకు సర్దుకుంటాయి. మనుషులకి 2.8, షట్టర్ 1/160 సెకను, ఇది ఇక్కడ స్థిరపడిన లెక్క.

పశువులకి ఆ లెక్క చాలదు. ఎద్దుకి కంటి నుంచి ముట్టె దాకా జానెడు పైమాటే. రెండు మీటర్ల దూరంలో 2.8 దగ్గర లోతు 17 సెంటీమీటర్లు, 5.6 దగ్గర 34. కాబట్టి 5.6. గంగిరెద్దునీ ఆడించే ఆయన్నీ కలిపి తీసేటప్పుడు ఆయన చెంప ఎద్దు కంటికి సమానంగా ఉండేలా నిలబెట్టాలి, లేకపోతే ఇద్దరిలో ఒకరు మసకే. ఈగలకి చెవులు ఆడుతుంటాయి గనుక షట్టర్ 1/250కి తగ్గకూడదు. నల్లగేదె ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ స్టాపులో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించాలి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). తెల్లఎద్దుకి అంతే పెంచాలి. పలుపు యజమాని చేతిలోనే ఉండాలి, మీరు గేదె వెనక్కి వెళ్ళకూడదు, ఫ్లాష్ వెయ్యకూడదు. యజమాని మీ భుజం పక్కన నిలబడి తవుడు బకెట్టు చప్పుడు చేస్తే చెవులు ముందుకొస్తాయి, అప్పుడు నొక్కండి. దూడకైతే మోకాళ్ళ మీద కూర్చుని దాని కంటి ఎత్తులో తీయాలి. 35 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది కదా అని ముఖం మీదకి వెళ్తే ముక్కు ఉబ్బి కనబడుతుంది.

పరిగెత్తే దూడకి, కోసిన చేలల్లో తోలే బాతుల మందకి ఈ మోటార్ అందుకోదు. 1/1000 పెట్టినా కదిలేదాని వెంట నడిచే కంటిన్యుయస్ ఫోకస్‌లో చాలా ఫ్రేములు పోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభ (భుజాల మీద మోసే ఎత్తైన అలంకరణ కట్టడం) మొత్తం ఇందులో పట్టదు, మోసేవాళ్ళ ముఖాలకైతే ఇదే కావాలి. కోరింగ మడ అడవుల్లో పక్షులకి దీన్ని మోసుకెళ్ళడం వృథా.

పాడయ్యే చోటు ముందు గొట్టం. దగ్గరి ఫోకస్‌లో అది బయటికొస్తుంది. అలాగే సంచిలో పెట్టి నొక్కుకుంటే లోపలి పళ్ళచక్రాలు దెబ్బతిని ఆటోఫోకస్ పట్టేస్తుంది. కెమెరా ఆపేముందు దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మీద బటన్ సగం నొక్కితే గొట్టం లోపలికి పోతుంది. హుడ్ ఎప్పుడూ ఉంచండి, అది బయటి గొట్టానికి పట్టుకుని ముందు భాగాన్ని కాస్తుంది.

అంతర్వేది, ఓడలరేవు తీరానికి వెళ్ళొచ్చాక ఫిల్టర్‌ని పొడిగుడ్డతో తుడవొద్దు, ఉప్పు గీకుతుంది. మంచినీళ్ళతో తడిపి పిండిన మెత్తటి గుడ్డ వాడాలి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తెస్తే ఉక్కకి గాజు మసకేస్తుంది. జిప్ కవర్లో మూసే బయటికి తెచ్చి అరగంట ఆగాలి. వానాకాలంలో రబ్బరు అంచున్న గాలిచొరని డబ్బాలో సిలికా జెల్‌తో పాటు చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 40, 50 శాతం మధ్య ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, తేమ సరిగా లాగదు, తవుడు దుమ్ము గొట్టం సందుల్లోకి చేరుతుంది. నెలకోసారి డయాఫ్రమ్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనబడితే అది ఫంగస్. ముందు గాజు పైన ఉంటే తుడిస్తే పోతుంది. లోపలుంటే విప్పించాలి, ఆలస్యమైతే పూతని తినేస్తుంది.