తాత్లిన్ టవర్ కోసం అబుదాబి: లూవ్ర్‌లో అయ్ వెయ్‌వెయ్ ‘ఫౌంటెన్ ఆఫ్ లైట్’

లూవ్ర్ అబుదాబి మ్యూజియం గ్యాలరీలు కాలక్రమంలో నడుస్తాయి. తొలి ఊళ్ల మట్టిబొమ్మలతో మొదలై మన కాలం దగ్గర ఆగుతాయి. చివరి గదులకు చేరేసరికి పెద్దవాళ్లకు కాళ్లు పీకుతుంటాయి, పిల్లలు ఆకలని గోల పెడుతుంటారు. చైనా కళాకారుడు అయ్ వెయ్‌వెయ్ 2016లో చేసిన ‘ఫౌంటెన్ ఆఫ్ లైట్’ ఉండేది సరిగ్గా అక్కడే. ఉక్కు చట్రం, దానికి వేలాడే గాజు స్ఫటికాల దండలు, లోపలి నుంచి వచ్చే వెలుగు. పెద్ద షాండ్లియర్‌ను నేల మీద నిలబెట్టారనుకుని ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆ ఆకారం ఎక్కడిదో తెలిస్తే మాత్రం అంత తేలిగ్గా కదలలేరు.

రష్యన్ కళాకారుడు వ్లాదిమిర్ తాత్లిన్ 1919-20లో ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సంఘమైన మూడవ ఇంటర్నేషనల్ కోసం ఒక కట్టడాన్ని ఊహించాడు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగిన తరానికి ఆ సంస్థ పేరు కొత్త కాదు, ఈ కట్టడం సంగతే పెద్దగా తెలియదు. ఎత్తు 400 మీటర్లు. అప్పటికి ఈఫిల్ టవర్ 300 మీటర్లు. ఒక పక్కకు ఒరిగిన పెద్ద దూలం, దాన్ని చుట్టుకుంటూ పైకి లేచే రెండు ఉక్కు మెలికలు, మధ్యలో వేర్వేరు వేగాలతో తిరిగే గాజు భవనాలు. అడుగున ఉన్నది చుట్టు తిరగడానికి ఏడాది, దాని పైది నెల, ఆ పైది ఒక రోజు. అంతర్యుద్ధంతో చితికిపోయిన దేశంలో అంత ఉక్కు ఎక్కడ దొరుకుతుంది? 1920లో పెట్రోగ్రాద్‌లో చెక్కతో చేసిన నమూనాను ప్రదర్శించారు, తర్వాత అదీ మిగల్లేదు. ఇప్పుడు స్టాక్‌హోమ్ మోడెర్నా మ్యూజియంలో, పారిస్ పాంపిడూ సెంటర్ దగ్గర ఉన్నవి ఫొటోలు, గీతలు చూసి మళ్లీ కట్టినవి.

అయ్ వెయ్‌వెయ్ తాత్లిన్ ఊహించిన ఈ ఆకారాన్నే ‘ఫౌంటెన్ ఆఫ్ లైట్’గా మొదట 2007లో చేశాడు. దాదాపు 7 మీటర్ల ఆ రూపాన్ని ఇంగ్లండ్‌లోని టేట్ లివర్‌పూల్ మ్యూజియం ప్రదర్శన కోసం రేవు నీళ్ల మీద తేలేలా నిలిపారు. అబుదాబిలోది తర్వాత చేసినది. దాని ముందు నిలబడినప్పుడు మొదట ఒరిగిన దూలాన్ని వెతకండి. అది కనిపించిందంటే మెలికలు వాటంతటవే కళ్లకు అందుతాయి. తర్వాత చట్రం నుంచి వేలాడే దండలు చూడండి. చట్రం పక్కకు ఒరిగి పైకి లేస్తుంది, దండలు మాత్రం తూకం కట్టినట్టు నిట్టనిలువుగా కిందికి దిగుతాయి. ఈ రెండు దిశల లాగుడే ఈ పనికి ప్రాణం. శ్రామికుల సభ కోసం గీసిన గోపురం ఇక్కడ ధనవంతుల హాలులో వెలిగే దీపమైంది. ఇది తాత్లిన్‌ను వెక్కిరించడమని కొందరంటారు. మాకలా అనిపించదు. కట్టకుండా మిగిలిపోయిన కలకు వందేళ్ల తర్వాత ఏ గతి పట్టిందో అది నేరుగా చూపిస్తుంది.

అందుకే లూవ్ర్ కన్నా ముందు షేక్ జాయెద్ గ్రాండ్ మసీదు చూడమని మా సలహా. ప్రధాన ప్రార్థనా మందిరంలోని షాండ్లియర్ బరువు సుమారు 12 టన్నులు, వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. స్ఫటికం, వెలుగు కలిస్తే వైభవం ఎంత దాకా వెళుతుందో దాని కింద నిలబడితే అర్థమవుతుంది. ఆ కళ్లతో లూవ్ర్‌కు వస్తే, అదే పదార్థాన్ని అయ్ వెయ్‌వెయ్ ఎందుకు ఎంచుకున్నాడో విడమరచి చెప్పే పని ఉండదు. మసీదులో ప్రవేశం ఉచితమే గానీ ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ సందర్శకులను అనుమతించరు. ఆడవాళ్లు జుట్టు, చేతులు, కాళ్లు కప్పుకోవాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే: చీరలో నడుము, చేతులు కనిపిస్తాయి కాబట్టి గేటు దగ్గర ఆపే అవకాశం ఉంది. పొడుగు చేతుల వదులు సల్వార్, పెద్ద చున్నీ అయితే నయం. పార్కింగ్ నుంచి మందిరం దాకా నడక చాలా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చక్రాల కుర్చీ అడగండి.

లూవ్ర్‌కు సోమవారం సెలవు. పెద్దవాళ్లకు టికెట్ సుమారు 60-65 దిర్హమ్‌లు, 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. గ్యాలరీల్లో ప్రదర్శన అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి ‘ఫౌంటెన్ ఆఫ్ లైట్’ ఇప్పుడు ఉందా, ఏ గదిలో ఉందో టికెట్ తీసుకునే ముందే కౌంటర్‌లో అడగండి. వీపుకు తగిలించుకునే బ్యాగులు లాకర్‌లో పెట్టాలి. ఫ్లాష్, ట్రైపాడ్ కుదరవు. మొత్తానికి మూడు గంటలు పెట్టుకుని అందులో చివరి ముప్పావు గంట ఈ చివరి గదులకు అట్టే పెట్టండి. అంత ఓపిక లేకపోతే మధ్య గ్యాలరీలను చకచకా దాటేయడమే మేలు. మ్యూజియం మీద ఫ్రెంచ్ వాస్తుశిల్పి ఝాన్ నువెల్ కట్టిన గుమ్మటం 180 మీటర్ల వెడల్పు, ఎనిమిది పొరల జల్లెడ. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడే దాని కింద వెలుగు చుక్కలు చక్కగా పడతాయి. కాబట్టి మసీదు పొద్దున తొమ్మిదికి, గుమ్మటం మధ్యాహ్నానికి, గ్యాలరీలు ఆ తర్వాత. మ్యూజియం కెఫే నుంచి సముద్రం చూడ్డానికి బాగుంటుంది, ధరలే ఘాటు.

బస విషయానికొస్తే, సాదియాత్ ద్వీపంలోని బీచ్ రిసార్టులు మ్యూజియానికి దగ్గరే. కానీ చలికాలంలో వాటి అద్దె ఊళ్లో హోటళ్లకు ఎన్నో రెట్లుంటుంది, చుట్టుపక్కల మన తిండీ తక్కువ. ఎలక్ట్రా స్ట్రీట్, హమ్దాన్ స్ట్రీట్, అల్ జాహియా ప్రాంతాల్లోని మధ్యతరగతి హోటళ్లే సుఖం. కింద దిగితే ఇడ్లీ, భోజనం దొరుకుతాయి, మ్యూజియానికి టాక్సీలో సుమారు 25-35 దిర్హమ్‌లే. బుక్ చేసేటప్పుడు పన్నులు, పర్యాటక రుసుము కలిపిన మొత్తమే చూడండి. మొదట కనిపించే ధరకు, చివర్లో కట్టేదానికి తేడా బాగానే ఉంటుంది. యాస్ ద్వీపం థీమ్ పార్కులకు వెళ్లేవాళ్లకే లాభం.

దుబాయ్ నుంచి బస్సులో రావాలంటే ఇబ్న్ బతూతా స్టేషన్ నుంచి ఇ101, ఛార్జీ 25 దిర్హమ్‌లు. దుబాయ్‌లో బస్సు, మెట్రో ఛార్జీలకు వాడే నోల్ కార్డు అబుదాబి సిటీ బస్సుల్లో పనిచేయదు. అక్కడ హాఫిలాత్ కార్డు కావాలి, బస్‌స్టేషన్‌లో దిగగానే తీసుకోండి. ప్రధాన బస్‌స్టేషన్ నుంచి 94 నంబరు బస్సు లూవ్ర్‌కు వెళుతుంది. ఒక్కరో ఇద్దరో అయితే బస్సు చవక, నలుగురి కుటుంబానికి టాక్సీయే నయం. ఒకే రోజులో మసీదు, లూవ్ర్ రెండూ చూసి దుబాయ్ తిరిగి వెళ్లడం కుదురుతుంది గానీ, అలా చేస్తే కోతపడేది చివరి గదే. లూవ్ర్ రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉండే శుక్ర, శని, ఆదివారాల్లో ఒకటి ఎంచుకుని ఆ రాత్రికి ఊళ్లోనే ఉండిపోండి.