హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: కడిగే ఓపిక ఉంటేనే కొనండి

డాలస్ శివారులో మా పెరట్లో హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్టల కోసం ఫీడర్ (పంచదార నీళ్ళు పోసి వేలాడదీసే పాత్ర) పెట్టి కొన్నేళ్లయింది. రెండు రకాలు వాడాను: తలకిందులుగా వేలాడే గాజు సీసా, మూత ఉన్న పళ్ళెం లాంటిది. కొనేవాళ్ళు పళ్ళెం రకమే తీసుకోండి.

సీసా చూడ్డానికి అందంగా ఉంటుంది, ఏప్రిల్ దాకా ఏ ఇబ్బందీ పెట్టదు. టెక్సస్ ఎండ ముదిరాకే అసలు గోల. సీసాలో మిగిలిన గాలి వేడికి వ్యాకోచించి పంచదార నీళ్ళని కిందికి తోసేస్తుంది. అవి బొట్టుబొట్టుగా కారుతుంటే చీమలు బారులు తీరతాయి, కందిరీగలు ముసురుతాయి. మెడ సన్నం కాబట్టి బ్రష్ సరిగ్గా దూరదు, నల్ల బూజు పట్టేదీ అక్కడే. పళ్ళెం రకంలో నీళ్ళు రంధ్రాలకి కాస్త కిందుగా ఉంటాయి. పిట్ట పొడవాటి నాలుకకి అందుతాయి, కందిరీగకి అందవు. నా దాంట్లో మధ్యన చిన్న గుంట కూడా ఉంది, మామూలు నీళ్ళు పోస్తే చీమలు దాటలేవు. జులైలో ఆ నీళ్ళు ఇట్టే ఆవిరైపోతాయి, అదొక్కటే విసుగు.

తెల్ల పంచదార ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, అంతే. ఒంటికి మంచిది కదా అని బెల్లమో తేనో కలపకండి, పిట్టలకి హాని. అంగట్లో దొరికే ఎర్రరంగు పొడి దండగ, ఫీడర్ మీది ఎర్రపువ్వులు చాలు. వేసవిలో రోజు విడిచి రోజు, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రోజూ కడిగి మార్చాలి. వేడినీళ్ళు, కాస్త వెనిగర్ సరిపోతాయి. ఊరెళ్తే దించేసి వెళ్ళండి.

మాకు వచ్చేవి రూబీ-త్రోటెడ్, బ్లాక్-చిన్డ్ రకాలు. మూడు గ్రాముల మగపిట్ట పొగరు చూసి తీరాలి! ఫీడర్ తన సొత్తన్నట్టు కాపలా కాసి, ఇంకో పిట్టని దగ్గరికి రానివ్వదు. రెండో ఫీడర్‌ని ఇంటికి అవతలి పక్క, దాని కంటపడని చోట కట్టాకే మిగతావాటికి తిండి దొరికింది. అమ్మ వచ్చినప్పుడు "ఇవి మన తేనెపిట్టలే కదా" అంది. కాదు, చుట్టరికం కూడా లేదు. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇది గాల్లోనే నిలబడి తాగి వెనక్కి ఎగురుతుంది. అసలు హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు.

మునిమాపు వేళ పూలమీద అచ్చం అలాగే ఆగి ఆగి తిరిగేది మాత్రం పిట్ట కాదు, మాత్ (సీతాకోకచిలుక లాంటి పురుగు). పిల్ల హమ్మింగ్‌బర్డ్ అని చాలామంది మురిసిపోతారు గానీ పిట్టపిల్లలు గూడు వదిలేసరికే దాదాపు పెద్దవాటంత ఉంటాయి. తలమీద మీసాలు కనిపిస్తే మాత్ అని తేల్చుకోవచ్చు. మా దగ్గర ఎక్కువగా వచ్చే వైట్-లైన్డ్ స్ఫింక్స్‌కి వెనక రెక్కల మీద గులాబీరంగు చార ఉంటుంది. మా ఫీడర్ వైపు ఇవి చూడనైనా చూడవు, పూలే కావాలి. టమాటా ఆకుల్ని దూసేసే, తోకమీద కొమ్మున్న పచ్చ పురుగుదీ ఇదే కుటుంబం. మాత్ ముచ్చట ఎంతున్నా, ఆ విషయంలో నేను టమాటా పక్షమే.

పళ్ళెం ఫీడర్‌కి ఐదుకి నాలుగు, సీసాకి రెండు. కడిగే తీరిక లేనివాళ్ళు ఆ డబ్బుతో కోరల్ హనీసకిల్ తీగో, మందారం జాతి టర్క్స్ క్యాపో నాటుకోండి. టర్క్స్ క్యాప్ నీడలో కూడా పూస్తుంది. ఫీడర్ కొనేవాళ్ళు మార్చి మధ్యకల్లా కట్టండి, అక్టోబర్ అయ్యేదాకా ఉంచండి. ఉంచితే పిట్టలు వలస మానేస్తాయన్నది ఉత్త అపోహ.