తక్కువ ధరకు గొప్ప సంగీతం: చెన్నైలో దొరికే రొమాంటిక్ పియానో కన్చెర్టో సీడీలు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినాలని ఉత్సాహపడే తెలుగు మిత్రులు ఇక్కడ చెన్నైలో నన్ను తరచుగా అడుగుతూ ఉంటారు: పెద్ద కంపెనీల ఖరీదైన సీడీలే కొనాలా, పాత పుస్తకాల షాపుల్లో రెండు మూడు వందలకు దొరికే చవక లేబుళ్ల (రికార్డు కంపెనీల) సీడీలు పనికొస్తాయా అని. రొమాంటిక్ యుగపు, అంటే ప్రధానంగా పంతొమ్మిదో శతాబ్దపు, పియానో కన్చెర్టోల (పియానో ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనల) విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది. చవకవే ముందు కొనండి. వాటిలో కొన్ని ఎంత ధర పెట్టినా కొనదగినవి.

ధర తగ్గడానికి కారణం తెలిస్తే సంకోచం సగం పోతుంది. పెద్ద కంపెనీలు తమ పాత రికార్డింగులను, పెట్టిన ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్నాక, తక్కువ ధర వరుసల్లో మళ్లీ విడుదల చేస్తాయి. నాక్సోస్ దారి వేరు. 1987లో హాంకాంగ్‌లో క్లాస్ హైమన్ స్థాపించిన ఈ లేబుల్, పేరుమోసిన తారలకు భారీ పారితోషికాలు ఇవ్వకుండా, బుడాపెస్ట్, బ్రాటిస్లావా వంటి నగరాల్లోని సమర్థులైన వాద్యకారులతో ప్రసిద్ధ రచనలన్నిటినీ కొత్తగా డిజిటల్‌లో రికార్డు చేయించింది. తెల్లటి అట్ట, దాని మీద ఏదో పాత తైలవర్ణ చిత్రం, కళాకారుడి పేరు చిన్న అక్షరాల్లో: చూడగానే గుర్తుపట్టవచ్చు.

మొదట కొనవలసింది హంగేరీ పియానిస్టు యెనో యాండో, బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రా, కండక్టర్ అంద్రాష్ లిగెతి కలిసి నాక్సోస్‌కు చేసిన, జర్మన్ స్వరకర్త షూమన్, నార్వే స్వరకర్త గ్రీగ్‌ల కన్చెర్టోల సీడీ. రెండూ ఎ మైనర్ స్వరస్థాయిలోనివే. షూమన్ తన కన్చెర్టోను పూర్తి చేసిన 1845లో తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఇంకా జీవించే ఉన్నారని తలచుకుంటే, మనకు ఎంతో దూరంగా కనిపించే ఈ సంగీతం కాలంలోనైనా కాస్త దగ్గరవుతుంది. ఆ ఏడాది డిసెంబరులో డ్రెస్డెన్‌లో దీన్ని మొదటిసారి వాయించినది ఆయన భార్య క్లారా. ఆర్కెస్ట్రా ఒక్క స్వరఘాతం ఇవ్వగానే పియానో పైనుంచి కిందికి దూసుకువస్తుంది. వెంటనే ఓబో అనే ఊదే వాద్యం ఒక దిగులు రాగాన్ని ఎత్తుకుంటుంది. పియానో దాన్ని అందుకుంటుంది. ఈ అందుకోవడంలోనే పియానిస్టు స్వభావం బయటపడుతుంది. చాలామంది ఇక్కడ వేగం తగ్గించి, ప్రతి స్వరాన్నీ సాగదీసి తమ ముద్ర వేయాలని చూస్తారు. యాండో ఓబో పాడిన తీరులోనే, అదే నడకలో, నిరాడంబరంగా పలికిస్తాడు. మొదటి భాగం చివర వచ్చే కాడెంజాను, అంటే పియానో ఒంటరిగా వాయించే ఘట్టాన్ని, షూమన్ పూర్తిగా తానే రాసిపెట్టాడు. యాండో దాన్ని విన్యాస ప్రదర్శనగా కాక, అంతవరకు జరిగిన సంభాషణకు కొనసాగింపుగా వాయించడం నాకెంతో నచ్చింది.

చివరి భాగాన్ని మాత్రం మన శ్రోతలు ప్రత్యేకంగా వినాలి. మూడేసి మాత్రలతో పరుగెడుతున్న లయ మీద రెండేసి మాత్రల నడక వచ్చి కూర్చుంటుంది. మార్గశిరపు కచేరీల్లో తొడ మీద తాళం వేస్తూ తని ఆవర్తనం వినే అలవాటున్నవారికి ఈ చోటు వెంటనే పట్టుబడుతుంది. కొన్ని ప్రసిద్ధ రికార్డింగుల్లో సైతం ఇక్కడ ఆర్కెస్ట్రా కాస్త తడబడినట్టు వినిపిస్తుంది. బుడాపెస్ట్ బృందం లెక్క తప్పదు.

లోపాలు లేవని అనను. గ్రీగ్ కన్చెర్టో రెండో భాగం మ్యూట్ (నాదాన్ని మెత్తబరిచే చిన్న బిళ్ల) పెట్టిన తంత్రీవాద్యాలతో మొదలవుతుంది. అక్కడ కావలసిన నిండుదనం ఈ రికార్డింగులో లేదు, వయొలిన్లు పలచగా వినిపిస్తాయి. ఆ లోటు తీరాలంటే 1959లో క్లిఫర్డ్ కర్జన్, ఓయివిన్ ఫ్యెల్‌స్టాడ్ నాయకత్వంలోని లండన్ సింఫనీతో డెక్కా కంపెనీకి చేసిన గ్రీగ్ వినాలి. ఇది కూడా చవక వరుసల్లో పదేపదే వెలువడింది కనుక వెతికితే దొరుకుతుంది. కన్చెర్టో చివర, అంతకుముందు ఫ్లూట్ మెల్లగా పాడిన రాగం మొత్తం ఆర్కెస్ట్రాతో తిరిగి వచ్చేటప్పుడు, వినేవారు జి షార్ప్ కోసం ఎదురుచూస్తుండగా దానికంటే అర మెట్టు కిందిదైన మామూలు జి స్వరం పలుకుతుంది. 1870లో రోములో గ్రీగ్ ఎదుటే ఈ రచనను చూసి వాయించిన ప్రఖ్యాత పియానిస్టు, స్వరకర్త లిస్ట్ ఆ ఒక్క స్వరానికే పరవశించిపోయాడు. కర్జన్ వాయిద్యంలో ఆ స్వరం వచ్చే ముందు క్షణంలో వెయ్యోవంతు నిలుపుదల ఉంది. అది విన్న తర్వాత లిస్ట్ ఎందుకు అంతగా కదిలిపోయాడో తెలిసింది.

రష్యన్ స్వరకర్త రాఖ్‌మనినోవ్ కన్చెర్టోల కోసం నేను నమ్మకంగా చెప్పేది పియానిస్టు ఎర్ల్ వైల్డ్ పేరు. యాషా హోరెన్‌స్టైన్ నాయకత్వంలో రాయల్ ఫిల్హార్మోనిక్‌తో 1965లో లండన్ కింగ్స్‌వే హాలులో జరిగిన ఈ రికార్డింగులను చేయించినది మన ఇళ్లలో ఒకప్పుడు నెలనెలా వచ్చిన రీడర్స్ డైజెస్ట్ సంస్థే. పోస్టులో తెప్పించుకునే చందాదారుల కోసం చేసినవి అవి. తర్వాత చాండోస్ లేబుల్ వీటిని సీడీలుగా తెచ్చింది. రెండో కన్చెర్టో పియానో ఒక్కటే మోగించే గంటానాదం లాంటి స్వరగుచ్ఛాలతో మొదలై, తర్వాత అసలు రాగాన్ని వయొలిన్లకు అప్పగిస్తుంది. వైల్డ్ అక్కడ వెనక్కి తగ్గి, తన వేళ్ల వేగాన్నంతా వాటికి ఆసరాగా మాత్రమే ఉంచుతాడు. ఇంత త్వరిత నడక ఏమిటని అనిపిస్తే, స్వరకర్త స్వయంగా 1929లో కండక్టర్ స్టకోవ్‌స్కీతో చేసిన రికార్డింగును నాక్సోస్ చవక చారిత్రక వరుసలో వినండి. ఆయనా కన్నీళ్ల కోసం ఆగడు.

అమెరికన్ పియానిస్టు మైకేల్ పోంటి వాక్స్ లేబుల్‌కు చేసిన బాక్స్ సెట్ పెట్టెలు వేరే కోవకు చెందుతాయి. హెన్సెల్ట్, మోషెలెస్, రాఫ్, తాల్‌బెర్గ్: అప్పట్లో మరెవరూ పట్టించుకోని కన్చెర్టోలను ఒకదాని తర్వాత ఒకటి వాయించాడు. ఆర్కెస్ట్రా అక్కడక్కడా గరుకుగా ఉంటుంది, శబ్దగ్రహణం పెట్టెలో బంధించినట్టు ఉంటుంది, అయినా ఆ ఆవేశానికి సాటి లేదు. క్లారా షూమన్ తన పదహారో ఏట 1835లో లైప్‌జిగ్‌లో వాయించిన కన్చెర్టో వీటిలోనే ఉంది. దాని మధ్య భాగంలో ఆర్కెస్ట్రా అంతా మౌనంగా ఉండి, ఒక్క చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) మాత్రం పియానోతో పలుకుతుంది. ఆ ఒక్క భాగం కోసమైనా కొనవచ్చు. 2018లో వాక్స్‌ను నాక్సోస్ కొనేసింది కనుక పెట్టె దొరకనివారు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు.

కొనేటప్పుడు సీడీని వెలుతురు వైపు పట్టి చూడండి; పైపూత మీద సూదిమొన రంధ్రాల్లా వెలుగు కనిపిస్తే వదిలేయండి. మన సముద్రపు గాలికి సీడీతో వచ్చే పుస్తికల కాగితాలు అతుక్కుపోతాయి, ఎల్పీ కవర్ల లోపల బూజు పడుతుంది. కాగితం అతుక్కున్నా సీడీ బాగుంటే తీసుకోవచ్చు. ఎల్పీ గాడుల్లో తెల్లటి మచ్చలు కనిపిస్తే మాత్రం, అది కర్జన్ రికార్డే అయినా, ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.