గోడలో పైపులేసి కేబుళ్లు లాగించాం: ఏళ్ల వాడకం తర్వాత

ఇల్లు కట్టేటప్పుడే నెట్‌వర్క్, ఫోన్ కేబుళ్లకి కరెంటు వైరింగ్‌తో సంబంధం లేకుండా వేరే పీవీసీ పైపులు వేయించాం. ప్రతి గది నుంచీ ఒక పైపు మెట్ల కింది అలమరలోకి వస్తుంది. రౌటర్, నెట్‌వర్క్ స్విచ్ (గదుల కేబుళ్లన్నిటినీ రౌటర్‌కి కలిపే పెట్టె) అక్కడే. ఇన్నేళ్లలో కేబుళ్లు మారాయి, ల్యాండ్‌లైన్ పోయింది, గోడ జోలికి మాత్రం వెళ్లలేదు.

మొదట వేసింది క్యాట్ 5ఇ రకం నెట్‌వర్క్ కేబుల్. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడుకి అది ఇప్పటికీ చాలు. అయితే ఒక గదిలో ఉన్నట్టుండి స్పీడు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కైతే రెండు జతలు చాలు. అంటే ఎక్కడో ఒక జత పోయిందన్నమాట. రెండు వైపులా జాక్‌లు మార్చినా ఫలితం లేకపోయేసరికి కేబులే మార్చేశాం.

పైపు విలువ తెలిసింది అప్పుడే. పాత కేబుల్‌నే తాడుగా వాడుకున్నాం. దాని కొసా కొత్త క్యాట్ 6 (క్యాట్ 5ఇ తర్వాతి రకం) కేబుల్ కొసా ఒలిచి, తీగలు మెలిపెట్టి, పైన టేపు నున్నగా చుట్టాం. ముడి లావైతే బెండ్ దగ్గర పట్టేస్తుంది. ఒకరు ఇటు లాగుతుంటే ఇంకొకరు అటు నుంచి అందిస్తూ ఉండాలి. ఈ కేబుళ్లు తట్టుకునే లాగుడు 110 న్యూటన్లే, అంటే సుమారు 11 కిలోల బరువు. రాకపోతే బలం చూపించడం కాదు, వెనక్కి తీసి మళ్లీ లాగాలి. కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా లాగి పైపులో వదిలేశాం, మరోసారికి పనికొస్తుందని.

కొనేటప్పుడు అసలు రాగిదే తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చౌకే కానీ, ఇలా లాగేటప్పుడు తెగే రకం.

ఫోన్ పాయింట్లకీ క్యాట్ 5ఇనే లాగించడం బాగా కలిసొచ్చింది. ఫోన్‌కి రెండు తీగలే కావాలి, మిగతావి ఊరికే ఉన్నాయి. ల్యాండ్‌లైన్ తీసేశాక జాక్‌లు మార్చి, ఆ కేబుళ్లని అలమరలో స్విచ్‌కి కలిపితే అవే నెట్‌వర్క్ పాయింట్లయ్యాయి. ల్యాండ్‌లైన్ ఇంకా ఉన్నవాళ్లు రెండు కొసలకీ పేర్లు రాసి పెట్టుకోవాలి. ఫోన్ ప్లగ్గు నెట్‌వర్క్ జాక్‌లోనూ దూరుతుంది, రింగ్ వచ్చేటప్పుడు ఆ లైనులో 90 వోల్టుల దాకా ఉంటుంది. స్విచ్‌కి అది మంచిది కాదు.

పైపులో ఖాళీ ఉంది కదా, కరెంటు వైరు కూడా ఇందులోనే వేసేద్దామని పనివాళ్లు అడుగుతారు. ససేమిరా ఒప్పుకోకండి.

నచ్చనిది హాలు పైపు. 25 ఎంఎం పైపు చాలా విశాలమే, కానీ లాంగ్ బెండ్ (మెల్లగా తిరిగే వంపు ముక్క) పెట్టాల్సిన చోట ఎల్బోలు (ఒక్కసారిగా మలుపు తిరిగే ముక్కలు) పెట్టి గోడకి పూత పూసేశారు. కేబుల్ వంపు దాని మందానికి కనీసం నాలుగు రెట్ల వ్యాసార్థంలో తిరగాలి. అక్కడ ఆ చోటు లేదు, మధ్యలో జంక్షన్ బాక్సూ లేదు. అందులోని క్యాట్ 5ఇ పనిచేస్తోంది గానీ, కదిపితే అంగుళం కూడా రాదు. అది పోతే హాల్లో వైఫైతో సరిపెట్టుకోవాల్సిందే.